యూదుల రక్షణయు, అడవి ఒలీవ కొమ్మయు

శ్రమల శుక్రవారమున సిలువ వృత్తాంతమును విన్న పిమ్మట మన విద్యార్థులలో కొందరు, "యూదులు ప్రభువును చంపించిరి గదా, వారికి రక్షణ యెట్లు కలుగును?" అని యడుగుచుందురు. ప్రశ్న చిన్నదే. దానికి సంఘము చెప్పిన యుత్తరములు మాత్రము పెక్కులు. వానిలో కొన్ని లోకమునకు గొప్ప కీడు తెచ్చినవి. కావున దీనిని గూర్చి కొంత వ్రాయనెంచితిమి.

మొదట నొక సంగతి. సిలువకు అప్పగించిన యధికారి రోమీయుడగు పిలాతు. మేకులు కొట్టినవారు రోమా భటులు. ప్రభువును, ఆయన తల్లియు, పండ్రెండుగురు శిష్యులును, పౌలును యూదులే. బోధకులు సైతము ఒక్కొక్కప్పుడు దీనిని మరచి మాటలాడుట మేము వినియున్నాము.

రెండవ శతాబ్దమున హతసాక్షియైన జస్టిను, సంఘమే నిజమైన ఇశ్రాయేలని వాదించెను. ఈ మతము ప్రకారము పూర్వ వాగ్దానములన్నియు సంఘమునకు సంక్రమించినవి. యూదులకు జాతిగా పాలు లేదు. ఆగస్టీను (354–430) వారిని చంపరాదనియు, లేఖనములను మోయుచు మన విశ్వాసమునకు సాక్షులై చెదరియున్నారనియు చెప్పెను. ఇది వారి ప్రాణములను కొంత కాపాడెను గాని గౌరవమును కాపాడలేదు. లూథరు 1523లో యేసు యూదుడుగా జన్మించెనని దయతో నొక పుస్తకము వ్రాసెను, యూదులు మారరైరి, 1543లో వారి సమాజమందిరములను తగులబెట్టవలెనని వ్రాసెను. నాలుగువందల యేండ్ల పిమ్మట ఆ వ్రాతను నాజీలు వాడుకొనిరి. వారి యేలుబడిలో సుమారు 60 లక్షల యూదులు చంపబడిరి. 1842లో గుంటూరునకు వచ్చిన ఫాదరు హేయరును పంపిన లూథరను సంఘములకు వారసురాలైన అమెరికా సంఘము, 1994లో ఆ వ్రాతలను బహిరంగముగా నిరాకరించినది.

పౌలు చెప్పినదేమి? రోమీయులకు వ్రాసిన పత్రికలో 9, 10, 11 అధ్యాయములు దీనిని గూర్చినవే. మా నాతవరపు విద్యార్థులకు అంటుకట్టుట తెలియనిది కాదు. టెంకమొక్కకు మేలుజాతి మామిడి కొమ్మను అంటుకట్టుదురు. అప్పుడు మేలైన పండు దొరకును. పౌలు దీనిని తలక్రిందు చేసినాడు! మంచి ఒలీవ చెట్టునకు అడవి కొమ్మను అంటుకట్టినట్లు చెప్పి, ఇది స్వభావవిరుద్ధమని తానే యొప్పుకొనుచున్నాడు. మంచి చెట్టు ఇశ్రాయేలు; అడవి కొమ్మ మనము. వేరు మనలను భరించుచున్నదే గాని మనము వేరును భరించుట లేదు; విరువబడిన కొమ్మలను దేవుడు మరల అంటుకట్టగలడు. ఆ మీదట ఇశ్రాయేలందరు రక్షింపబడుదురని వ్రాసెను. ఇచట ఇశ్రాయేలనగా యూదులును అన్యులును చేరిన దేవుని ప్రజయని కాల్విను చెప్పెను. యుగాంతమందు యూదజాతి క్రీస్తు నంగీకరించునని మరి పలువురందురు. సందర్భమును బట్టి రెండవదే మాకు సరియని తోచుచున్నది.

రోమను కతోలిక సంఘము 1965లో, క్రీస్తు మరణదోషమును నాటి యూదులందరిపైని గాని నేటివారిపైని గాని మోపరాదని ప్రకటించెను. వారిని మార్చుటకై ప్రత్యేక సంస్థలను నడుపుట లేదని 2015లో తెల్పుచునే, క్రీస్తు అందరి రక్షకుడనియు చెప్పెను. యూదులకు పాత నిబంధనయే చాలునని కొందరు పండితులందురు. 1989లో విల్లోబ్యాంకునందు కూడిన సువార్తికులు దానిని త్రోసివేసిరి. మేమును దాని నంగీకరింపజాలము. దేవుని పిలుపు మారదని వ్రాసిన పౌలే సమాజమందిరములలో క్రీస్తును ప్రకటించెను. తన జనులకొరకు తాను శాపగ్రస్తుడనగుటకైనను సిద్ధమనెను. ఇట్టి ప్రేమలేక ప్రకటించినది సువార్త యగునా?

ఇది దూరదేశపు వివాదము కాదు. గుంటూరు జిల్లాలో చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెమున బెనె ఎఫ్రాయిమను తెలుగు సమాజము కలదు. వారు మాదిగ కుటుంబములవారు. అధికులు పూర్వము బాప్టిస్టు సంఘస్థులు. ఎఫ్రాయిము గోత్రమునుండి వచ్చితిమని చెప్పుచు, 1980లనుండి యూదాచారముల ననుసరించుచు, 1991లో సమాజమందిరము నేర్పరచుకొనిరి. వారి వంశావళి నిజమైనచో వారు స్వాభావికమైన కొమ్మలు. కానిచో మనవలెనే అడవి కొమ్మలు. ఆ రెంటిలో ఏదైనను, వారిని హేళన చేయుటకు మనకు పత్రికలో అనుమతి కనబడదు. మన విద్యార్థులెవరైనను ఆ ప్రక్కకు పోయినయెడల వారితో క్రీస్తును గూర్చి మాటలాడవచ్చును. వారు చెప్పునదియు వినవలెను.