పాత నకలు, కొత్త యంత్రం, మధ్యన దుబాసీ

రంగూన్ రేవులో ఓడ దిగిన మన పూర్వులకు మొట్టమొదట కావలసి వచ్చిన మనిషి దుబాసీ. కూలికి వచ్చిన తెలుగువానికి దొర భాష రాదు, దొరకు తెలుగు రాదు. రెండు భాషలూ తెలిసిన మేస్త్రీ మధ్యన నిలబడితేనే మూట ఓడ నుండి గట్టుకు చేరేది. కోరంగి రేవు పేరు మీద మనవారిని ఈ ఊరిలో కోరంగీలని పిలిచిన రోజులవి. మన ఇళ్ళలోని ప్రతి కంప్యూటర్‌లోనూ ఇట్టి దుబాసీలు ఉన్నారు. వారి సాంకేతిక నామం డ్రైవర్. దొర మారినప్పుడు పాత దుబాసీ ఎందుకు పనికిరాడో తెలియక మా ఇంట మేము కొంత పోగొట్టుకొన్నాము. ఇతరులకు ఆ నష్టం కలుగకూడదనే ఈ వ్యాసం.

మా ఇంటి కథ

మా తాతగారు 1942లో, జపాను సేనలు రంగూన్‌ను ఆక్రమించిన ఏడాది, లక్షలాది భారతీయులతోపాటు కాలినడకన స్వదేశానికి తరలిపోయినవారు. అప్పటికి వారికి పదిహేడేళ్ళు. యుద్ధం ముగిసిన తరువాత మరల ఈ ఊరికే వచ్చి స్థిరపడ్డారు. 2006లో, ఎనభై దాటిన వయస్సులో, ఆ నడక కథ వారు చెబుతుంటే మా నాన్నగారు కంప్యూటర్‌లో తెలుగున టైపు చేసి పెట్టారు. ఇంట్లోని పాత ఛాయాచిత్రాలను కూడ స్కాన్ చేయసాగారు.

2011లో నేను ఆ కంప్యూటర్‌లోని డిస్కు మొత్తానికి ఒక ప్రతిబింబం తీసి, విడి డిస్కులో భద్రపరచాను. అనగా విండోస్ ఎక్స్‌పీ, అందులోని ప్రోగ్రాములు, మా పత్రాలు, అన్నీ కలిపి ఒకే ఒక పెద్ద ఫైలు. రసాయన శాస్త్రంలో పట్టా ఉన్నవాడిని గదా, పని పరిపూర్ణంగా చేశానని గర్వపడ్డాను. రెండేళ్ళకు, కరెంటు పోయి వచ్చిన ఒక సాయంకాలం, హెచ్చు వోల్టేజికి ఆ పాత యంత్రం కాలిపోయింది. నాన్నగారు కూడ ఆ ఏడే కాలం చేశారు.

2014లో కొత్త కంప్యూటర్ కొని ఆ ప్రతిబింబాన్ని దానిలోకి దించాను. నూరు శాతం పూర్తయినదని తెరమీద కనిపించింది. యంత్రాన్ని తిరిగి ప్రారంభించగానే నీలి తెర, దానిమీద '0ఎక్స్0000007బి' అనే సంకేతం. ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే. కొత్త యంత్రంతో వచ్చిన వ్యవస్థను కూడ ఈ ప్రయత్నంలో నేనే చెరిపివేసుకొన్నాను.

నీలి తెర ఏమి చెబుతున్నది?

డిస్కు, తెర, కీబోర్డు, స్కానర్ వంటి ప్రతి పరికరానికీ ఆజ్ఞలను స్వీకరించే పద్ధతి ఒకటి ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ వివరాలన్నీ తెలియవు. 'ఈ సమాచారం చదివి ఇమ్ము' అని మాత్రమే అది చెబుతుంది. ఆ మాటను పరికరానికి అర్థమయ్యే సంకేతాలుగా మార్చేది డ్రైవర్.

ఇక్కడొక చిక్కు ఉన్నది. డిస్కును చదివే డ్రైవర్ ఉండేది ఆ డిస్కులోనే. మరి దానిని చదివేదెవరు? యంత్రం ప్రారంభమయ్యేటప్పుడు మదర్‌బోర్డులోని మూల ప్రోగ్రాము డిస్కు నుండి మొదటి భాగాలను తానే చదివి అందిస్తుంది. ప్రారంభంలో కావలసిన డ్రైవర్లు వాటిలో ఉంటాయి. తరువాత డిస్కు బాధ్యత పూర్తిగా ఆ డ్రైవర్‌దే. ఆ డ్రైవర్‌కు కొత్త డిస్కు నియంత్రకం భాష రాకపోతే, వ్యవస్థ తన డిస్కును తానే చదువలేదు. తాళంచెవిని పెట్టెలోనే పెట్టి మూసిన చందం. పైన చెప్పిన సంకేతానికి అర్థం ఇదే: ప్రారంభించవలసిన డిస్కు అందుటలేదు.

విండోస్ ఎక్స్‌పీ 2001లో విడుదలైనది. నాటి డిస్కులది ఐడీఈ పద్ధతి. తరువాత వచ్చిన ఏహెచ్‌సీఐ పద్ధతికి ఎక్స్‌పీలో స్వతహాగా డ్రైవర్ లేదు. 2014 నాటి నా యంత్రం ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఉన్నది. మూల అమరికలలో దానిని ఐడీఈకి మార్చగా ఎక్స్‌పీ లేచింది. అయితే తెర మసకగా, పెద్ద అక్షరాలతో కనిపించింది. ధ్వని లేదు, నెట్‌వర్కు లేదు, యూఎస్‌బీ 3.0 ద్వారాలు ఉన్నట్లే దానికి తెలియదు. ఒక దుబాసీ దొరికినా తక్కినవారు రాలేదు.

తరం మారినకొద్దీ

ఈ సమస్య ఎక్స్‌పీతో ముగియలేదు. 2009లో వచ్చిన విండోస్ 7లో యూఎస్‌బీ 3.0కు గాని, ఎన్‌వీఎంఈ పద్ధతి డిస్కులకు గాని డ్రైవర్లు మొదట లేవు. అందుచేత 2015 తరువాతి అనేక యంత్రాలలో విండోస్ 7ను స్థాపించబోతే కీబోర్డు, మౌస్ కూడ పనిచేసేవి కావు. 32 బిట్ల వ్యవస్థకు వ్రాసిన డ్రైవర్ 64 బిట్ల వ్యవస్థలో నడువదు. 64 బిట్ల విండోస్ విస్టా నుండి, వ్యవస్థ గర్భంలో నడిచే డ్రైవర్‌కు డిజిటల్ సంతకం తప్పనిసరి అయినది. యంత్రాన్ని మేల్కొలిపే పాత బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చింది. బయోస్ పద్ధతిలో తీసిన ప్రతిబింబం యూఈఎఫ్ఐ మాత్రమే ఉన్న యంత్రంలో నీలి తెర వరకు కూడ రాదు.

విండోస్ 8 తరువాతి వ్యవస్థలు చాలా డ్రైవర్లను తమతోనే తెచ్చుకొంటాయి కావున ఈ బాధ తగ్గింది. పూర్తిగా పోలేదు. 2020 తరువాతి కొన్ని ఇంటెల్ యంత్రాలలో, తయారీదారు డ్రైవర్‌ను విడిగా అందించనిదే విండోస్ స్థాపనా కార్యక్రమానికి డిస్కే కనిపించదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11 కోరే భద్రతా చిప్పు చాలా పాత యంత్రాలలో లేదు. అందువలన ఎన్నో ఇళ్ళలో యంత్రం మార్చే ఘడియ వచ్చింది. పాత నకళ్ళు పరీక్షకు నిలిచేది ఈ ఘడియలోనే.

ఇళ్ళలోనే కాదు, ప్రయోగశాలల్లోనూ ఇదే తంతు. లక్షల రూపాయల విలువైన విశ్లేషణ పరికరం బాగానే ఉంటుంది. దానిని కంప్యూటర్‌కు కలిపే కార్డుకు కొత్త వ్యవస్థలో డ్రైవర్ ఉండదు. ఆ ఒక్క కారణాన, ఇరవై ఏళ్ళనాటి కంప్యూటర్‌ను నెట్‌వర్కుకు దూరంగా ఉంచి కాపాడుకొనే శాలలు అనేకం.

ఉప్పు కావాలా, సముద్రం కావాలా?

నా తప్పు నాకు తెలిసివచ్చినది 2023లో, మా చెల్లెలి పిల్లలు ముత్తాతగారి కథ అడిగినప్పుడు. నాకు కావలసింది ఉప్పు. నేను తొమ్మిదేళ్ళుగా మోయజూచినది సముద్రం. ప్రతిబింబంలో మనవంటూ ఉన్నవి పత్రాలు, చిత్రాలు, ధ్వనులు మాత్రమే. తక్కినదంతా యంత్రానిది. డ్రైవర్లు ఆ కాలిపోయిన యంత్రానికి చెందినవి, దానితోనే పోవలసినవి.

ప్రతిబింబాన్ని యంత్రంలోకి దించకుండానే, ఒక సంచి విప్పినట్లు తెరచి, లోపలి ఫైళ్ళను తీసుకోవచ్చు. విండోస్ 7లోని వ్యవస్థా ప్రతిబింబం వీహెచ్‌డీ అనే రూపంలో ఉంటుంది. నేటి విండోస్‌లో దానిని మరొక డిస్కువలె జోడించవచ్చు. ఇతర సాఫ్ట్‌వేర్లతో తీసిన ప్రతిబింబాలను వాటితోనే తెరవాలి. ఆ విధంగా మా ఛాయాచిత్రాలు పది నిమిషాలలో బయటికి వచ్చాయి.

తాతగారి కథ మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపించింది. కారణం మరొక దుబాసీ. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు రూపాలను కూర్చేవి. ఆ ఫాంట్ లేకుంటే తెలుగు లేదు. మయన్మార్‌లో నివసించేవారికి ఇది కొత్త కాదు. ఇక్కడ బర్మీస్ లిపికి చిరకాలం వాడుకలో ఉన్న జౌజీ ఫాంట్‌ను వదలి, ప్రభుత్వం 2019 అక్టోబర్ 1న యూనికోడ్‌కు మారింది. పాత పత్రాలను కొత్త సంకేతాలలోకి మార్చుకొనే శ్రమ దేశమంతా పడింది.

చివరకు మాకు తోడ్పడినది కల్పిత యంత్రం, అనగా కంప్యూటర్‌లో నడిచే కంప్యూటర్. వర్చువల్‌బాక్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పాత పరికరాలను అనుకరిస్తుంది. ఐడీఈ డిస్కుగా నటించమని దానికి చెప్పి, ప్రతిబింబాన్ని అందులోకి దించగా ఎక్స్‌పీ లేచింది. పాత దుబాసీల కోసం పాత దొరనే వేషం కట్టించి నిలబెట్టామన్నమాట. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసినందున ఇంటర్నెట్ కలుపలేదు. ఆ కథను పీడీఎఫ్‌గా దించి, తరువాత యూనికోడ్‌లో తిరిగి టైపు చేశాము.

పాఠకులకు కొన్ని సూచనలు

1. యంత్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడే మీ పత్రాలను, చిత్రాలను విడి ఫైళ్ళుగా రెండు చోట్ల దాచండి. మొత్తం డిస్కు ప్రతిబింబం అదే యంత్రంలో డిస్కు పాడైనప్పటికి మేలు. యంత్రం మారినప్పుడు దానిని మాత్రమే నమ్మరాదు.

2. కొత్త యంత్రంలో కొత్త వ్యవస్థను, దాని డ్రైవర్లను అట్లే ఉంచి, మీ ఫైళ్ళను మాత్రం చేర్చండి.

3. ప్రతిబింబాన్నే దించవలసి వస్తే, కొత్త యంత్రం డిస్కు, నెట్‌వర్కు డ్రైవర్లను ముందే ఒక పెన్‌డ్రైవ్‌లో సిద్ధం చేసుకోండి. పాత వ్యవస్థ బయోస్‌దా, యూఈఎఫ్ఐదా అని చూడండి. మొదటి ప్రయోగం ఖాళీ డిస్కు మీదనే చేయండి.

4. పాత స్కానర్‌ను పారవేయకండి. లినక్స్‌లోని 'సేన్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అనేక పాత స్కానర్లను నేటికీ నడుపుతుంది.

5. తెలుగు వ్రాతలను యూనికోడ్‌లో ఉంచండి. 1990లలో అమెరికాలోని మనవారు రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో, రోమన్ అక్షరాలతో వ్రాసుకొన్న తెలుగు ఈనాటికీ ఏ యంత్రంలోనైనా తెరుచుకొంటుంది. అతి సాధారణమైన రూపానికి దుబాసీల అవసరం అతి తక్కువ.

నాలుగవ సూచన నేను ఆలస్యంగా నేర్చుకొన్నది. మా స్కానర్‌కు 64 బిట్ల డ్రైవర్‌ను తయారీదారు ఇవ్వలేదు. తరువాత చూద్దామని దానిని అటక మీద పెట్టాము. స్కాన్ కాని ఛాయాచిత్రాలు పెట్టెలోనే ఉండిపోయాయి. తొమ్మిది వానకాలాల చెమ్మకు వాటిలో చాలామటుకు బూజుపట్టి ఒకదానికొకటి అంటుకొనిపోయాయి. వాటిలో ఒకటి తాతగారు తిరిగివచ్చిన ఏట తీయించుకొన్నదని ఆయన కథలో ఉన్నది. కథ మాకు మిగిలింది, ఆ ముఖం మిగలలేదు.

ఈ సంచికను చదువుతున్నవారి ఇళ్ళలో అటకమీదనో, సొరుగులోనో ఒక పాత డిస్కు ఉండే ఉంటుంది. వచ్చే సెలవుదినాన దానిని తెరచి చూడండి. తెరుచుకోకపోతే ఎందుకో తెలుసుకొనే అవకాశం ఈనాడు ఉన్నది. రేపటికి ఆ భాష తెలిసిన దుబాసీ దొరుకుతాడన్న హామీ లేదు.