సంచిలో మిగిలిన ఊలు: అపోహలు, వాస్తవాలు

దేవమాలి కొండ ఎత్తు 1,672 మీటర్లు. ఒడిశాలో అంతకన్నా ఎత్తయిన శిఖరం లేదు. దాని చుట్టుపక్కల సెమిలిగుడ, పొట్టంగి, కొరాపుట్ ఊళ్లలో ఊలు బట్ట లేకుండా చలికాలం గడవదు. రాయగడ పల్లంలో ఉంది కాబట్టి అంతగా వణికించదు. అయినా పుష్యమాసం వచ్చేసరికి పసిపిల్లల నెత్తికి ఊలు టోపీ ఎక్కాల్సిందే. అల్లే అలవాటున్న ఇంట్లో చలి వెళ్లాక ఓ సంచి మిగులుతుంది. అందులో కాస్త ఎరుపు, కాస్త తెలుపు, సగం వాడిన పసుపుపచ్చ ఉండ, ఎవరికో అల్లబోయి ఆపేసిన అర చెయ్యి కనిపిస్తాయి. పారేయడానికి మనసొప్పదు, వాడదామంటే ఎలా వాడాలో తోచదు.

ఈ ప్రాంతం 1936లో ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో భాగం. 1992 అక్టోబరు 2న రాయగడ విడిగా జిల్లా అయింది. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రైలు మార్గం మీదున్న ఊరు కనుక కింద గోదావరి జిల్లాల నరసాపురం లేసు సంగతీ, పైన నియమగిరి మీద డోంగ్రియా కొంధు ఆడపిల్లల కుట్టుపని సంగతీ ఇక్కడివారికి తెలుసు. చేతిపని మీద ఇంత గౌరవం ఉన్నచోట కూడా మిగిలిన ఊలు విషయంలో కొన్ని తప్పుడు నమ్మకాలు పాతుకుపోయాయి. కొన్నిటివల్ల పోయేది కాస్త ఊలే. కొన్నిటివల్ల మాత్రం చేతులు కాలతాయి, పసివాళ్లకు ప్రమాదం వస్తుంది, అల్లినవారి కష్టం నీళ్లపాలవుతుంది.

అపోహ: ఊలు దుకాణంలో కొన్నాం కాబట్టి అది గొర్రె ఊలే.

మన ఊళ్లలో తక్కువ ధరకు దొరికే రంగురంగుల ఉండల్లో చాలావరకు యాక్రిలిక్, అంటే పెట్రోలియం నుంచి తీసిన కృత్రిమ నార. అది చెడ్డదేమీ కాదు. రంగు నిలుస్తుంది, చిమట పట్టదు, ఉతకడం తేలిక. కానీ దేనితో అల్లుతున్నామో తెలియకపోతే ఏం అల్లాలో తెలియదు.

ఉండకు చుట్టిన కాగితం ఉంటే దాని మీదే రాసి ఉంటుంది. మిగిలిన ముక్కలకు ఆ కాగితం ఎప్పుడో పోయి ఉంటుంది కనుక నిప్పు పరీక్ష ఒక్కటే దారి. కిటికీ తెరిచి, నీళ్లు పోసిన స్టీలు పళ్లెం కింద పెట్టి, అంగుళం పోగును పట్టకారుతో పట్టుకుని అంటించండి. నూలయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలుతుంది. అసలైన ఊలయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, మంట తీసేస్తే దానంతటదే ఆరిపోతుంది, మిగిలిన నలుసు వేళ్ల మధ్య నలిగి పొడవుతుంది. యాక్రిలిక్ అయితే కరిగి, నల్లటి పొగ వదిలి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. ఆ పొగ విషపూరితం, పీల్చకూడదు. పిల్లల చేత ఈ పని చేయించకూడదు.

ఈ ఒక్క పరీక్ష తర్వాత సంచిలోని ముక్కలు మూడు కుప్పలవుతాయి. తక్కిన నిర్ణయాలన్నీ ఆ కుప్పల్ని బట్టే.

అపోహ: వేడి గిన్నె పట్టుకునే మసిగుడ్డకు, గిన్నె కింద వేసే మ్యాట్‌కు ఏ ఊలైనా సరిపోతుంది.

కొత్తగా అల్లిక నేర్చినవాళ్లు మొదట చేసేది ఇదే. చదరంగా నాలుగు వరుసలు అల్లితే అయిపోతుంది, వదినకో పిన్నికో ఇచ్చేయొచ్చు. పొయ్యి మీంచి అప్పుడే దింపిన మూకుడుకు యాక్రిలిక్ తగిలితే మెత్తబడి, కరిగి, గిన్నెకూ చేతికీ అతుక్కుంటుంది. మంట సోకితే ఇంకా ప్రమాదం. వంటింటి వస్తువులకు నూలు దారమే వాడాలి, అదీ రెండు పొరలుగా. తడిసిన నూలు గుండా వేడి సూటిగా చేతికి తగులుతుంది కాబట్టి పొడిగా ఉన్నప్పుడే పట్టుకోవాలి.

దేవుడి గదికీ ఇదే మాట. పూరీ జగన్నాథుడికి ఓఢణ షష్ఠి నుంచి వసంత పంచమి వరకు చలి వస్త్రాలు కడతారు. ఆ వేషాన్ని ఘొడలాగి అంటారు. బాలగోపాలుడి బొమ్మ ఉన్న ఇళ్లలోనూ చలికాలం చిన్న టోపీ, శాలువా అల్లి తొడగడం చూస్తాం. మిగిలిన ఊలు ఎంగిలి లాంటిది, దేవుడికి పనికిరాదని పెద్దవాళ్లు కొందరు అంటారు. ఎవరూ తొడగని, శుభ్రమైన దారం అది. అల్లి కట్టడంలో లోపమేమీ నాకు కనబడదు. చూసుకోవలసింది దీపాన్ని. యాక్రిలిక్ టోపీ పెట్టిన విగ్రహం పక్కనే ఒత్తి వెలిగించకూడదు.

అపోహ: ముక్కలు కలిపి అల్లాలంటే రంగులు కుదిరితే చాలు.

రంగు ఆఖరి విషయం. ముందు లావు కుదరాలి, తర్వాత నార కుదరాలి. లావు దారం పక్కన సన్నదారం వేస్తే అల్లిక ఒకచోట ముడుచుకుని మరోచోట వదులవుతుంది. దీనికి తేలికైన ఉపాయం సన్నటి పోగులు రెండు కలిపి ఒకటిగా పట్టుకుని అల్లడం. రెండు రంగులు కలిసిన ఆ మిశ్రమ ఛాయ ఏ దుకాణంలోనూ దొరకదు. నార వేరైతే బయటపడేది ఉతికాకే. నూలు కుంచించుకుపోతుంది, యాక్రిలిక్ అలాగే ఉంటుంది, గొర్రె ఊలు వేడినీళ్లలో నలిగితే అట్టకట్టుకుపోతుంది. మూడూ ఒకే పువ్వులో ఉంటే మొదటి ఉతుకుకే రేకులు వంకర తిరుగుతాయి. ముదురు ఎరుపు, నీలం ముక్కల్ని తడిపి తెల్లగుడ్డలో అరగంట చుట్టి ఉంచితే రంగు వదులుతుందో లేదో తెలిసిపోతుంది. తెలుపు పక్కన అల్లే ముందు ఈ పని తప్పనిసరి.

ఎంత ఊలు సరిపోతుందో కంటితో అంచనా వేయడం కన్నా వంటింటి డిజిటల్ కాటా నయం. ముందు ఉండను తూచండి. ఒక పువ్వు అల్లాక మళ్లీ తూచండి. ఆ తేడాతో ఉండ బరువును భాగిస్తే ఎన్ని పువ్వులొస్తాయో తేలుతుంది. జడకు పెట్టే పువ్వు, రబ్బరు బ్యాండు మీద అల్లే కుచ్చు, తాళంచెవి గుత్తికి వేలాడే చిన్న చేప, పుస్తకంలో పెట్టుకునే పట్టీ, చీర కొంగు కుచ్చుల మధ్య వేసే పూసలాంటి ముడి ఇలా కొద్ది గ్రాములతో పూర్తవుతాయి. గుమ్మానికి తోరణం కావాలంటే ఒక్కో ఆకూ ఒక్కో రంగు ముక్కతో అల్లి, తాడుకు మాత్రం ఒకే ఉండ ఉంచుకోవాలి. తోరణానికి యాక్రిలిక్కే మేలు, ఎండకు అది త్వరగా చెడదు.

అపోహ: పాత స్వెట్టరు విప్పితే ఊలంతా దొరుకుతుంది.

కొన్నిటికి దొరుకుతుంది, కొన్నిటికి దొరకదు. విప్పకముందే లోపలి వైపు కుట్టు చూడండి. అంచులు ఓవర్‌లాక్ కుట్టుతో ఉంటే ఆ స్వెట్టరును అల్లిన గుడ్డలోంచి కత్తిరించి కుట్టారన్నమాట. ప్రతి వరుస దగ్గరా దారం తెగి ఉంటుంది, విప్పితే జానెడు ముక్కలే చేతికొస్తాయి. ముక్కలు అంచుల దగ్గర కత్తిరించకుండా, గొలుసులా ఉన్న కుట్టుతో కలిసి ఉంటే అది పూర్తిగా విప్పుకోవచ్చు. విప్పిన ఊలు ఉంగరాలు తిరిగి ఉంటుంది. చిలపగా చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, నీడలో వేలాడదీస్తే చాలావరకు సాపవుతుంది.

అపోహ: చివర ముడి వేసి కత్తిరిస్తే పని అయిపోయినట్టే.

ముక్కలతో అల్లినదానికి కొసలు ఎక్కువ. చాలామంది బహుమతులు పాడయ్యేది అక్కడే. కనీసం అరచేతి పొడవు కొస వదిలి, మొద్దు సూదితో ఒకవైపు, తిరిగి వెనక్కి, మళ్లీ ముందుకు అల్లికలోకి దూర్చాలి. యాక్రిలిక్ జారుడు దారం, ముడి ఒక్కటే దాన్ని పట్టి ఉంచదు. అసలైన ఊలు కొసల్ని మాత్రం తడిపి అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఈ పద్ధతి నూలుకూ యాక్రిలిక్‌కూ పనిచేయదు.

పసిబిడ్డకు అల్లిన మేజోళ్లలో ఈ కొసలు అలంకారానికి సంబంధించిన విషయం కానే కాదు. లోపల వదులుగా వేలాడే పోగు కాలివేలికి చుట్టుకుంటే రక్తప్రసరణ ఆగిపోతుంది. బిడ్డ ఎందుకు ఏడుస్తోందో ఎవరికీ తెలియదు. ఇచ్చే ముందు మేజోళ్లు తిరగేసి, వేలితో తడిమి చూడాలి. టోపీకి మెడ చుట్టూ కట్టే పొడవాటి తాడు పెట్టకూడదు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మకు గుండీలు, పూసలు కళ్లుగా పెట్టకూడదు. నల్లదారంతో కుట్టిన కళ్లే క్షేమం. బిడ్డ పుట్టకముందే అల్లితే అరిష్టమన్న మాట మన ఇళ్లలో ఉంది. అల్లికకూ కాన్పుకూ సంబంధమేమీ లేదు. అయినా కాబోయే తల్లి మనసు కష్టపెట్టుకుంటే అల్లి దాచి, పురుటి స్నానం తర్వాతే ఇవ్వండి. అందులో పోయేదేమీ లేదు.

బొమ్మ లోపల ఊలు కత్తిరింపులు కూరితే ఉండలు కట్టి గడ్డలుగా తగులుతాయి, లేత రంగు బొమ్మయితే ముదురు పోగులు బయటికి కనిపిస్తాయి. బూరుగుదూది మెత్తగానే ఉంటుంది కాని ఉతికితే ముద్దకట్టుకుపోతుంది. ఉతికే బొమ్మకు పాలిస్టర్ దూది నయం.

అపోహ: మిగిలినది వాడుతున్నాం కాబట్టి ప్రకృతికి మేలే.

సగం నిజం. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆరు కిలోల యాక్రిలిక్ బట్టలు ఒక్కసారి యంత్రంలో ఉతికితే 7 లక్షలకు పైగా సూక్ష్మ నారలు నీళ్లలోకి పోవచ్చు. యాక్రిలిక్ ముక్కలతో రోజూ గిన్నెలు తోమే పీచు అల్లడం ఇప్పుడు బాగా వ్యాపించింది. అది మంచి పని కాదు. ఆ ముక్కల్ని అరుదుగా ఉతికే వస్తువులకు, అంటే తోరణం, తాళంచెవి బొమ్మ, గోడకు వేలాడేవాటికి వాడండి. తోమే పీచుకు నూలు వాడండి. పాత ముక్కల్ని పూర్తిచేయడానికి కొత్త ఉండలు నాలుగు కొంటే మిగులు తగ్గదు, పెరుగుతుంది.

అపోహ: యంత్రం కూడా ఇదే అల్లుతుంది. కొండమీది కుట్టూ ఇదే.

అల్లిక యంత్రాలు చేసే స్వెట్టరుకూ క్రోషేకూ తేడా ఉంది. క్రోషేలో ఒకే కొక్కెం సూది మీద సాధారణంగా ఒకే ఉచ్చు బతికి ఉంటుంది, ప్రతి కుట్టూ పూర్తయ్యాకే తర్వాతిది. చేతి క్రోషేను యథాతథంగా అల్లే యంత్రం మార్కెట్లో లేదు. మీటర్ల లెక్కన అమ్మే లేసు చూడటానికి అలా కనిపించే వేరే యంత్రపు అల్లిక. డోంగ్రియా కొంధుల కప్డాగండా శాలువా మరొక విద్య. ముతక తెల్లగుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో మామూలు సూదితో కుట్టే పని. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగు, వచ్చింది. అదే ఏడు నరసాపురం క్రోషే లేసుకూ వచ్చింది. కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేతకు 2005లోనే వచ్చింది. కప్డాగండా మీది త్రికోణాల వరుస చూసి ముచ్చటపడి మన ఊలు పర్సు మీద అల్లుకోవచ్చు. దాన్ని కప్డాగండా అని పేరు పెట్టి అమ్మడం మాత్రం ఆ కుట్టేవాళ్ల నోటి దగ్గర కూడు లాక్కోవడమే. అసలుది కావాలంటే బుధవారం చాటికొన సంతకు డోంగ్రియాలు దిగివస్తారు.

అపోహ: ఖాళీ సమయంలో, మిగిలిన ఊలుతో చేసింది కదా, దానికి ధరేమిటి?

అన్నిటికన్నా లోతుగా పాతుకున్నది ఇదే. నన్ను బాధపెట్టేదీ ఇదే. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద పరిశోధన చేసి 1982లో పుస్తకం వేశారు. వాళ్లు అల్లినవి విదేశాలకు ఎగుమతి అయ్యేవి. వాళ్లను మాత్రం ఎవరూ కార్మికులుగా లెక్కించలేదు. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు తీరిక వేళ చేసుకునే పనిగా చూశారు. కూలి ముక్కల లెక్కన, మధ్యవర్తుల చేతుల మీదుగా వచ్చేది. తీరిక అన్న ఆ ఒక్క మాటే కూలిని అడుగున ఉంచిందని ఆమె తేల్చారు.

మన వీధిలోనూ అదే మాట నడుస్తోంది. గంటన్నర కూర్చుని అల్లిన జడ పువ్వుకు ఊలు ఖర్చు పది రూపాయలైతే, పదిహేనుకు ఇచ్చేయమని అడిగేవాళ్లు ఆ గంటన్నరకు ఐదు రూపాయలే కడుతున్నారు. అమ్మాలనుకుంటే మీ గంటకు ఒక ధర వేసుకోండి, దానికి దారం, రబ్బరు బ్యాండు, సంచి ఖర్చులు కలపండి. అప్పుడు వచ్చే అంకె ఎక్కువ అనిపిస్తే పువ్వును చిన్నది చేయండి, గంట ధర తగ్గించకండి. ఊరికే ఇచ్చేది ప్రేమతో ఇవ్వండి, కానీ పుచ్చుకునేవారు దాన్ని ఊరికే వచ్చిందిగా చూడకూడదు. మేనకోడలి చేతిలో పెట్టేటప్పుడు అడుగున చిన్న చీటీ కట్టండి: ఏ దారం, చల్లనీళ్లా వేడినీళ్లా, ఇస్త్రీ చేయొచ్చా కూడదా. యాక్రిలిక్ మీద ఇస్త్రీ పెట్టె ఆనితే మీ సాయంత్రమంతా ఒక్క క్షణంలో కరిగిపోతుంది.