ఒక కాలు లావుగా ఉంటే పొట్టకు స్కానింగు ఎందుకు?

గాజువాక నుంచి ఒక తల్లి మూడేళ్ల పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చింది. నలుగుపెట్టి నీళ్లు పోస్తుంటే ఎడమ డొక్కలో గట్టిగా ఏదో చేతికి తగిలిందట. నొప్పి లేదు, జ్వరం లేదు. వాడు నా స్టెతస్కోపుతో ఆడుకుంటున్నాడు. పడుకోబెట్టి చూస్తే ఎడమకాలు కుడికాలికన్నా లావు.

"పుట్టుకతోనే అంతేనండి. గ్రహణంనాడు నేను కాలు కదిపానని మా అత్తగారంటారు. చెప్పులు రెండు సైజులు కొంటాం" అంది.

అమ్మా, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. ఇందులో నీ తప్పూ లేదు. సంబంధం ఉన్నది ఆ కాలికీ, డొక్కలోని కంతికీ!

అదెలాగని మీరడగవచ్చు. గర్భంలో అవయవాలు ఎంతవరకు పెరగాలో నిర్ణయించేవి జన్యువులు. వాటిలో కొన్ని గాడి తప్పితే అవయవం రూపు మారుతుంది. ఆ లోపమే తర్వాత కంతికీ దారితీయవచ్చు. పిల్లల మూత్రపిండాల్లో వచ్చే కంతికి, 1899లో దాన్ని వివరించిన జర్మన్ సర్జను పేరుమీద విల్మ్స్ ట్యూమర్ అని పేరు. 1964లో అమెరికాలో రాబర్ట్ మిల్లర్, ఆయన సహచరులు ఇటువంటి 440 మంది పిల్లల రికార్డులు తిరగేశారు. ఆరుగురికి పుట్టుకతోనే కంటిపాప చుట్టూ ఉండవలసిన రంగు వలయం లేదు. మామూలుగా యాభై వేలకో లక్షకో ఒకరిలో కనిపించే లోపమది! కారణం తర్వాత తెలిసింది. పదకొండో క్రోమోజోములో కంటి జన్యువూ, మూత్రపిండం జన్యువూ ఇరుగుపొరుగు. ఆ ముక్క ఊడిపోతే రెండూ పోతాయి.

నాలుక నోట్లో పట్టనంత పెద్దదిగా ఉండి, బొడ్డు దగ్గర పేగులు బయటికొచ్చి పుట్టిన పిల్లల్లోనూ ఈ కంతి భయం ఉంది, కాలేయంలోనూ రావచ్చు. డౌన్ సిండ్రోమ్ పిల్లలకైతే రక్త క్యాన్సరు వచ్చే అవకాశం ఇతరులకన్నా ఎక్కువ.

హడలిపోకండి. ఒక పక్క శరీరం పెద్దదిగా ఉన్న పిల్లలు వందమందిలో కంతి వచ్చేది సుమారు ఐదుగురికే. ఒక్క గ్రహణం మొర్రి మాత్రమే ఉంటే ఈ స్కానింగులు అక్కర్లేదు. కాని పైన చెప్పిన లక్షణాలుంటే పిల్లల డాక్టరుకు చూపించి, ఏడేళ్లు నిండేవరకు మూడు నెలలకోసారి పొట్టకు అల్ట్రాసౌండు తీయించండి. నొప్పి ఉండదు. కె.జి.హెచ్. పిల్లల విభాగంలో చూపించవచ్చు. క్యాన్సరు చికిత్సకు అగనంపూడిలో హోమీ భాభా ఆసుపత్రి ఉంది. సకాలంలో సరైన వైద్యం అందితే విల్మ్స్ కంతి నూటికి తొంభై మందికి నయమవుతుంది.

ఒక్క మాట. డొక్కలో గడ్డ తగిలితే ఇంటిల్లిపాదీ నొక్కి చూడకండి. అది లోపలే చిట్లవచ్చు. తైలాలు రుద్దకండి.

ఆ పిల్లవాడికి ఎడమ మూత్రపిండం తీసేశారు. మందులు పూర్తయ్యాయి, బడికి వెళుతున్నాడు. కుడి మూత్రపిండానికి స్కానింగు మూడు నెలలకోసారి జరుగుతూనే ఉంది.