వార్తల్లో పదం: రాబ్డోమయోలైసిస్

కందిరీగలు ముసిరి కుట్టిన మనిషికి వాపు, మంట తగ్గితే గండం గడిచిందనుకుంటాం. అసలు ముప్పు ఒకటి రెండు రోజులకు మూత్రంలో బయటపడవచ్చు. పాలు కలపని టీ డికాక్షన్‌లా ముదురు రంగులో వస్తుంది, అదీ కొద్దికొద్దిగా.

కండరాల కణాలు ఛిద్రమవడమే రాబ్డోమయోలైసిస్; ఇక్కడ దానికి కారణం కందిరీగల విషం. వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలిసి, కిడ్నీలోని సన్నని నాళికల్లో పేరుకుని వాటిని మూసేస్తుంది. ఎర్ర రక్తకణాలు పగిలి వచ్చే హిమోగ్లోబిన్ దానికి తోడవుతుంది. ఛిద్రమైన కణాల నుంచి వచ్చే పొటాషియం రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. 1941లో, లండన్ బాంబుదాడుల శిథిలాల కింద నలిగినవారిలో బ్రిటిష్ వైద్యుడు ఎరిక్ బైవాటర్స్ గుర్తించిన కిడ్నీ వైఫల్యానికీ కారణం రాబ్డోమయోలైసిసే.

2013లో చైనాలోని షాన్‌షీ ప్రావిన్సులో కందిరీగల దాడులకు 40 మందికి పైగా బలయ్యారు. గాయపడినవారిలో కొందరికి డయాలసిస్ తప్పలేదు.

పాముకాటుకు ఉన్నట్టు కందిరీగ విషానికి విరుగుడు మందు వాడుకలో లేదు. అందుకే పదుల చోట్ల కుడితే, మనిషి బాగానే కనిపిస్తున్నా ఆసుపత్రిలో ఉంచి సెలైన్ ఎక్కించాలి, కండరాల నష్టాన్ని చూపే సీకే, కిడ్నీ పనితీరును చూపే క్రియాటినిన్ పరీక్షలు చేస్తుండాలి. నొప్పికని ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్ వేయొద్దు, కిడ్నీకి అది మరో దెబ్బ. చికిత్స సకాలంలో అందితే చాలామందిలో కిడ్నీలు కొన్ని వారాల్లో కోలుకుంటాయి.