టర్కీ: ఇంధనపు బాటా, ఇంధనపు విపణా?

భూగర్భంలో చమురు, సహజవాయువు నిక్షేపాలు గల ముస్లిం దేశాలు అనేకం ఉన్నాయి. ఆ సంపద అంతగా లేకపోయినా, దాని రవాణా మార్గంలో ఉండడమే బలంగా మలచుకొన్న దేశం టర్కీ. తూర్పున ఇరాన్, కాస్పియన్ ప్రాంతం, దక్షిణాన ఇరాక్, నల్లసముద్రానికి ఆవల రష్యా, పడమర వీరందరి సరుకును కొనే ఐరోపా. ఈ స్థానాన్ని ఆధారంగా చేసుకొని ప్రాంతీయ ఇంధన కేంద్రంగా ఎదగాలని టర్కీ ప్రభుత్వాలు చాలాకాలంగా ప్రయత్నిస్తున్నాయి. అయితే ఇంధనం నడిచే బాటగా ఉండడం ఒకటి, దాని ధర నిర్ణయమయ్యే విపణిగా ఉండడం మరొకటి.

బాటగా టర్కీ సాధించినది తక్కువేమీ కాదు. ఇరాక్‌లోని కిర్కుక్ నుండి మధ్యధరా తీరంలోని జైహాన్ రేవుకు 1977లో చమురు పైపులైను ప్రారంభమైంది. 2006లో బాకూ చమురు కూడా అదే రేవుకు చేరింది. రష్యా, ఇరాన్, ఆర్మీనియాలను తప్పించి, జార్జియా గుండా వేసిన ఈ మార్గం పొడవు 1,768 కిలోమీటర్లు. దీనివల్ల బాస్ఫరస్ జలసంధిపై భారం కొంత తగ్గింది. 1936 నాటి మాంట్రో ఒడంబడిక ప్రకారం శాంతికాలంలో వాణిజ్య నౌకలకు అక్కడ స్వేచ్ఛ ఉంది; చమురు ఓడలను టర్కీ నిషేధించజాలదు. 1979 నవంబరులో ఇస్తాంబుల్ నగరం ముంగిట ఒక చమురు ఓడ మరొక నౌకను ఢీకొని తగలబడగా 40 మందికి పైగా నావికులు మరణించారు.

సహజవాయువు విషయమూ ఇటువంటిదే. 2001లో ఇరాన్ నుండి, 2003లో నల్లసముద్రం అడుగున రష్యా నుండి వాయువు రావడం మొదలైంది. 2018లో ప్రారంభమైన అజర్‌బైజాన్ మార్గం సామర్థ్యం ఏటా 1,600 కోట్ల ఘనపు మీటర్లు. అందులో 600 కోట్లు టర్కీకి, తక్కినది ఐరోపాకు ఉద్దేశించారు. 2020లో 3,150 కోట్ల ఘనపు మీటర్ల సామర్థ్యంతో రష్యా మరొక మార్గాన్ని తెరిచింది.

ఇన్ని మార్గాలున్నా ఆదాయం ఎవరికి చేరుతుంది? సరుకు అమ్మేవాడిది, ధర అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య కుదిరిన దీర్ఘకాలిక ఒప్పందానిది. దారి ఇచ్చిన దేశానికి దక్కేది ముఖ్యంగా రవాణా రుసుము. విపణి స్వరూపం వేరు. నెదర్లాండ్స్‌లో 2003లో ఏర్పడిన వాయు విపణి ధరను తరువాత ఐరోపా అంతటా ప్రమాణంగా తీసుకొన్నారు. ఆ దేశపు పెద్ద వాయుక్షేత్రమైన గ్రోనింగెన్‌లో ఉత్పత్తి 2023లో ఆగిపోయినా ఆ విపణి నిలిచింది. అనేకమంది అమ్మకందార్లు, కొనుగోలుదార్లు ఉండడం, పైపులైన్లు, నిల్వ సదుపాయాలు అందరికీ అందుబాటులో ఉండడం, నియమాలు రాత్రికి రాత్రి మారవన్న నమ్మకం ఉండడం ఇందుకు కారణాలు.

టర్కీ కూడా 2001లో వాయు విపణి చట్టం చేసింది. 2018లో క్రయవిక్రయాలకు ఎక్స్ఛేంజి తెరిచింది. కాని దిగుమతులలో అధికభాగం ప్రభుత్వ సంస్థ బోటాష్ చేతిలోనే ఉండిపోయింది. గృహాలకు వాయువును రాయితీ ధరకు ఇవ్వడమూ కొనసాగింది. ప్రభుత్వం నిర్ణయించే ధరను బయటి వ్యాపారి ప్రమాణంగా అంగీకరించడు. ధరను విపణికి వదిలితే చలికాలంలో పేద కుటుంబాల మీద భారం పడుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

రాజకీయాల ముప్పు మరొకటి. 1990లో కువైట్‌పై దాడి అనంతరం ఐక్యరాజ్యసమితి ఆంక్షలతో కిర్కుక్ మార్గం మూతపడింది. బాగ్దాద్ అనుమతి లేకుండా కుర్దు ప్రాంతపు చమురును ఎగుమతి కానిచ్చినందుకు, ఇరాక్‌కు సుమారు 150 కోట్ల డాలర్లు చెల్లించాలని 2023 మార్చిలో మధ్యవర్తిత్వ తీర్పు వెలువడగా మళ్ళీ ఆగింది. 2025 సెప్టెంబరులో గాని చమురు పారలేదు. 2022 జనవరిలో ఇరాన్ సరఫరా నిలిచిపోగా టర్కీ కర్మాగారాలకు వాయువులోను, విద్యుత్తులోను కోత పడింది. అదే సంవత్సరం అక్టోబరులో టర్కీలో వాయు కేంద్రం నెలకొల్పుదామని రష్యా అధ్యక్షుడు పుతిన్ ప్రతిపాదించారు. అయితే ఉక్రెయిన్ యుద్ధం దరిమిలా రష్యా వాయువును వదులుకోవాలని ఐరోపా సమాజం అప్పటికే సంకల్పించింది. 2025 జనవరిలో ఉక్రెయిన్ మార్గం మూతపడ్డాక, రష్యా వాయువు ఐరోపాకు పైపులైన్ల ద్వారా చేరేందుకు టర్కీ మార్గం ఒక్కటే మిగిలింది. దీనివల్ల టర్కీ ప్రాముఖ్యం పెరిగింది. రష్యా పేరు చెరిపివేసి అదే వాయువును తమకు అమ్ముతారేమోనన్న ఐరోపా శంక కూడా పెరిగింది.

2020లో నల్లసముద్రంలో కనుగొన్న సకార్య క్షేత్రం నుండి 2023లో ఉత్పత్తి మొదలుకావడంతో టర్కీకి సొంత సరుకు కొంత సమకూరింది. అయినా కేంద్రంగా ఎదగడానికి అది చాలదు. పొరుగు దేశాలతో తగవులు పైపులైన్లకు తాకకుండా చూడాలి. ప్రభుత్వ సంస్థకు వర్తించే నియమాలే పోటీదారులకూ వర్తించాలి. పేదలకిచ్చే సహాయాన్ని వాయువు ధరలో కలపక నేరుగా కుటుంబాలకు అందించాలి. ఈ మూడూ ఇంజనీర్ల చేతిలోని పనులు కావు, పాలకులు చేయవలసినవి. అంతవరకు ఇతరుల సరుకు టర్కీ నేల మీదుగా సాగుతూనే ఉంటుంది, దాని ధర మాత్రం మరొక చోట నిర్ణయమవుతుంది.