అత్తయ్య చెవికి 80 హెర్ట్జ్

భద్రాచలానికి గోదావరి యివతల, సారపాకలో మా మేనత్తగారి యిల్లు. మోకాళ్లనొప్పులు పట్టుకున్న దగ్గరనుంచి ఆవిడ నవమినాడు వంతెన దాటి మిథిలా స్టేడియందాకా పోలేకపోతున్నారు. ఒకప్పుడు రేడియోలో ఉషశ్రీగారి వ్యాఖ్యానం వింటూ కల్యాణమంతా కళ్లారా చూసినట్లు పొంగిపోయిన మనిషి. ఇప్పుడు టెలివిజనే దిక్కు. అమ్మకోసమని బావ అయిదు స్పీకర్లూ, ఒక సబ్‌వూఫరూ వున్న హోమ్ థియేటర్ కొన్నాడు. కొన్నాడే గాని, డోలు దెబ్బకు కిటికీ అద్దాలు అదురుతాయి. మంత్రం మాత్రం కుండలోంచి చదివినట్లుంటుంది! "నా చెవి పోయిందిరా" అని అత్తయ్య తేల్చేశారు. నవమి యింక రెండురోజులున్నది. చెవి సంగతి తరవాత, ముందు యంత్రం సంగతి చూద్దామన్నాను.

ఈ రిసీవర్లతో చిన్న మైకు ఒకటి యిస్తారు. దాన్ని మనం కూర్చునేచోట పెడితే, రిసీవరు ఒక్కొక్క స్పీకరుచేత కూత కూయించి, ఆ ధ్వని మైకును చేరడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరం లెక్కకడుతుంది. శబ్దం మీటరు దూరం పోవడానికి సుమారు 3 మిల్లీసెకండ్లు. దగ్గరి స్పీకరును ఆ మేరకు ఆలస్యంగా పలికించి, అన్నీ ఒక్కసారే చెవిని చేరేటట్లు చేస్తుంది. హెచ్చుతగ్గులూ దిద్దుతుంది.

కొట్టు కుర్రవాడు మైకును సోఫా దిండుమీద పడేసి, పంకా తిరుగుతుండగానే కొలిచిపోయాడట! అదీగాక, మాట పలికే మధ్య స్పీకరు బీరువా అరలో వెనక్కు నక్కి వున్నది. అరలో రొద పోగవడంతో యంత్రం ఆ చిన్నపెట్టెను మహాబలశాలి అనుకొని, 40 హెర్ట్జ్‌దాకా మోయమన్నది.

ఏ మెట్టుకు దిగువనున్న ధ్వనిని స్పీకరునుంచి తప్పించి సబ్‌వూఫరుకు అప్పగించాలో, ఆ హద్దునే క్రాసోవర్ అంటారు. సినిమాహాళ్ల ధ్వనికోసం అమెరికాలో టామ్లిన్సన్ హోల్మన్ రూపొందించిన టి.హెచ్.ఎక్స్. పద్ధతి యిళ్లకు వచ్చినప్పుడు పెట్టిన హద్దు 80 హెర్ట్జ్. అంతకంటె మంద్రమైన ధ్వని ఏ దిక్కునుంచి వస్తున్నదీ చెవి సులభంగా పోల్చుకోలేదు. మగవారి గొంతుకూడా సాధారణంగా దానికి పైనే.

మధ్య స్పీకరును అర అంచుదాకా లాగాం. ఫోటోల స్టాండుకు మైకు బిగించి, అత్తయ్య కుర్చీ దగ్గర ఆవిడ చెవి యెత్తున నిలిపాం. కీచురాళ్ల గోల రాకుండా కిటికీలు మూశాం, పంకా ఆపాం. చైత్రమాసంలో సారపాకలో పంకా ఆపి పావుగంట కూర్చోవడంకూడా ఒక వ్రతమే!

ఈసారి మధ్య స్పీకరుకు 60 వచ్చింది, 80కి పెంచాను. పెంచవచ్చును గాని, యంత్రం చెప్పినదానికంటె తగ్గించకూడదు; ఆ దిగువ భాగానికి దిద్దుబాటు జరిగి వుండదు. ముందు రెండింటినీ 'పెద్దవి' అని యంత్రం గుర్తుపెడితే, 'చిన్నవి' అని మార్చాను. ఇంత డబ్బుపోసి కొన్నవి చిన్నవా అని బావ నొచ్చుకున్నాడు. మంద్రాన్ని సబ్‌వూఫరుకు పంపమనే ఆజ్ఞకు అది పేరు, అంతే. రెండు మీటర్లలో వున్న సబ్‌వూఫరును యంత్రం మూడున్నర మీటర్లని చూపింది. దాన్ని దిద్దబోతే బావ చెయ్యి పట్టుకున్నాను. లోపలి సర్క్యూట్లలో జరిగే ఆలస్యంకూడా దూరంగానే లెక్కకు వస్తుంది మరి. చివరకు మధ్య స్పీకరును 2 డెసిబెల్స్ చేత్తో పెంచాం; అత్తయ్య వయస్సు యంత్రానికి తెలియదు గదా!

నవమినాడు మాంగల్యధారణ అయ్యేదాకా ఆవిడ కుర్చీలోంచి కదలలేదు. అక్షతలు చల్లి, కళ్లు తుడుచుకొని, "ఆ వ్యాఖ్యానం చెప్పే ఆయనకు జలుబు చేసిందిరా పాపం, కాసిని మిరియాల కషాయం పుచ్చుకోకూడదూ?" అన్నారు.