సోల్ పాట వినడం మొదలుపెట్టేవారికి

మన హాస్టల్ వార్షికోత్సవాల్లో స్టేజి మీద ఎప్పుడూ సినిమా పాటదే రాజ్యం. డప్పు పాట ఎత్తుకోమంటే మనలో కొందరు ఇప్పటికీ వెనకాడతారు, ‘పేట పాట అందరి ముందా?’ అని. అందుకే ఈసారి అమెరికా నల్లజాతివారి సోల్ సంగీతం గురించి రాస్తున్నాం. వాళ్ళకూ ఇదే సిగ్గు నేర్పారు. దాన్ని వాళ్ళు ఎలా వదిలించుకున్నారో ఆ పాటల్లోనే వినబడుతుంది.

ముందు పేరు సంగతి. 1940ల దాకా నల్లవారి పాటలను అక్కడి వ్యాపారులు ‘రేస్ రికార్డులు’ అని విడిగా అమ్మేవారు. ఊరి అవతల పేట ఉన్నట్టే. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక ఆ మాట తీసేసి ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని పెట్టింది. అందులోకి చర్చి పాట వచ్చి కలిసినప్పుడు సోల్ పుట్టింది.

మొదట వినవలసింది రే చార్లెస్‌ని. ఏడేళ్ళ వయసుకే ఆయనకు చూపు పోయింది. ఫ్లోరిడాలో సెయింట్ అగస్టీన్ అనే ఊళ్ళో అంధుల, బధిరుల ప్రభుత్వ పాఠశాలలో ఉండి చదువుకున్నారు. అంటే ఆయనా మనలాగే హాస్టల్ కుర్రవాడే! అక్కడా నల్లపిల్లలను తెల్లపిల్లలతో కలవనిచ్చేవారు కాదు. బ్రెయిలీ స్వరాలను వేళ్ళతో తడిమి సంగీతం నేర్చుకున్నారు. 1954లో ఒక భక్తి పాట వరసలో ప్రేమపాట కట్టి రికార్డు చేస్తే, దేవుడి పాటను పాడుచేశాడని చర్చివారు కొందరు మండిపడ్డారు.

ఇంగ్లీషు అర్థం కాలేదని ఆపేయకండి. మాకూ మొదట్లో పదాలు అందలేదు, గొంతు మాత్రం అందింది. కైకలూరు, ఆకివీడు వైపు పేట చర్చిల్లో ఆదివారం ఒకరు ఎత్తుకుంటే వెనక అందరూ అందుకుంటారు కదా! నాట్లప్పుడు చేలో ఒకామె అంటే మిగతావారు అంటారు కదా! సోల్ పాటకు వెన్నెముక అదే. ఇక తాళం. నాలుగు దాకా లెక్కపెడుతూ రెండుకీ నాలుగుకీ చప్పట్లు కొట్టండి. మనది ఒకటి మీద కొట్టే అలవాటు కనుక చెయ్యి తడబడుతుంది. ఒకసారి పట్టుబడితే ఇక కాలు నిలవదు.

1965లో ఓటిస్ రెడ్డింగ్ ‘రెస్పెక్ట్’ అనే పాట రాసి పాడారు. ఇంటికి వచ్చే మగవాడు ఆడదాన్ని మర్యాద అడిగే పాట అది. పాస్టరు గారి అమ్మాయి అరెథా ఫ్రాంక్లిన్ 1967లో అదే పాట తీసుకుని, కొన్ని మాటలు మార్చి, ఆడమనిషి అడుగుతున్నట్టు పాడారు. అడిగే మనిషి మారేసరికి పాట అర్థమే మారిపోయింది. నల్లవారు, ఆడవారు దాన్ని తమ పాట చేసుకున్నారు. రెండూ వెంటవెంటనే వినండి.

ఓటిస్ పాడిన స్టాక్స్ కంపెనీ స్టూడియో మెంఫిస్‌లో ఒక పాత సినిమా హాలు. వాలుగా ఉన్న నేలను అలాగే ఉంచేశారు. నల్లవారూ తెల్లవారూ కలిసి కూర్చోవడమే గగనమైన ఆ ఊళ్ళో, ఆ హాల్లో కలిసి వాయించారు. ఓటిస్ 1967లో విమాన ప్రమాదంలో పోయారు, 26 ఏళ్ళకే. డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసిన బెర్రీ గోర్డీ 1959లో ఇంటివారి దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని పెట్టిన మోటౌన్ కంపెనీ పాటలు ఇంకా నున్నగా ఉంటాయి. మా ఓటు మాత్రం స్టాక్స్ గరుకుతనానికే.

శామ్ కుక్‌ని రాత్రి పూట వినాలి. 1963లో ష్రీవ్‌పోర్ట్‌లో ఒక హోటల్ ఆయనకు గది ఇవ్వలేదు. గట్టిగా అడిగినందుకు అరెస్టు చేశారు. ఆ తర్వాత, మార్పు వస్తుందని నమ్మే ఒక పాట రాశారు. అది విడి రికార్డుగా బయటకొచ్చేసరికి ఆయన లేరు. రెండు గ్లాసుల హోటళ్ళ సంగతి పెద్దల నోట విన్న మనకు దాని అర్థం విడమర్చి చెప్పనక్కరలేదు.

ఇక మన పాట. 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ తమ పేరును అమెరికా బ్లాక్ పాంథర్స్ నుంచే తీసుకున్నారు. 1985 కారంచేడు మారణకాండ తర్వాత గద్దర్ దళితుల మీద పాట కట్టారు. మన పక్క జిల్లా కంచికచర్లకు చెందిన కలేకూరి ప్రసాద్ పాటలు సినిమా దాకా వెళ్ళాయి. అరెథాను విన్న చెవులతోనే వీరినీ మళ్ళీ వినండి. డప్పు ఎక్కడ ఆగి ఎక్కడ అందుకుంటుందో అప్పుడు తెలుస్తుంది.

ఒక చిన్న మాట. సెల్‌ఫోను స్పీకరులో బేస్ గిటారు సరిగా వినబడదు, సగం పాట దానిలోనే ఉంది. స్టడీ అవర్ అయ్యాక ఇయర్‌ఫోన్లు ఇద్దరు చెరొకటి పంచుకోండి.